ఎడమ పక్క కాస్త ఎక్కువ

పోయిన వారం జోయల్ మా గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా ఆపేశాను. ఆ తర్వాతది రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ రాస్తాను.

మధ్యలో చదవడం మొదలెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. మా అమ్మాయి దుర్గాశ్రీకి ఇరవై ఒకటి. రొయ్యల కంపెనీ ల్యాబులో ఉద్యోగం మానేసి, యానాంలో మా ఇంటి నడిమి గదికి నాలుగు వైపులా బొంతలు వేలాడగట్టి, ఫ్యాను ఆపుకుని, చెమటలు కారుస్తూ రెండు నెలల్లో ఒక పాట తయారుచేసింది. రాక్ పాటంట. గొంతూ గిటారూ దానివే. డ్రమ్ములు రాజమండ్రిలో శివ అని ఒకతను వాయించి ఫోన్లో పంపాడు. ఇవన్నీ లాప్‌టాప్‌లో ఒకచోట చేర్చి, ఏది పైకి రావాలి, ఏది కిందికుండాలి, ఏది కుడి చెవిలో పడాలి, ఏది ఎడమ చెవిలో పడాలి అని సర్దడాన్ని మిక్సింగ్ అంటారు. అదీ అదే చేసుకుంది. ఇంట్లో రికార్డు చేసుకున్న పాటల్లోంచి అయిదింటిని ఏరి విశాఖపట్నంలో పెద్ద స్టేజీ మీద పాడిస్తారంట. పంపడానికి గడువు ఆ ఆదివారం సాయంత్రం ఆరింటిదాకా.

పంపేముందు ఎలా ఉందో చెప్పమని ముగ్గురికి వినిపించింది. ఒకరు శివ. ఒకరు బెంగుళూరులో ఎవరో అమ్మాయి, ఇంటర్నెట్ స్నేహం. మూడోవాడు మా పక్కింటి ఆగ్నెస్ అక్క కొడుకు జోయల్, కాకినాడలో రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తాడు. ఒకళ్ళకొకళ్ళు తెలియని ఆ ముగ్గురూ ఒకటే మాట రాశారు. ఎడమ పక్క మరీ ఎక్కువుంది అని. దుర్గ నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ విని, అంతా సరిగానే ఉందని వాదించింది. "నేనే వచ్చి నీ దగ్గర కూచుని వింటాను" అన్నాడు జోయల్.

ఎడమ పక్క ఎందుకు ఎక్కువైందో భూమ్మీద ఒక్కదానికే తెలుసు. అది నేను. దాని ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఆ సంగతి దానికే తెలియకుండా పదేళ్ళు దాచుకొచ్చాను.

జోయల్ పొద్దున్న చర్చిలో మైకుల పని చూసుకుని, అన్నం తిని నేరుగా వచ్చాడు. చేతిలో నల్ల సంచి. అందులో వాళ్ళ స్టూడియో హెడ్‌ఫోన్. అది చూడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయాను.

"ఏం పిన్నీ, అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది నాయనా. కూచో. ముందు టీ తాగు."

"ఇప్పుడే అన్నం తిన్నానండి."

"అయితే మజ్జిగ తాగు."

"అమ్మా, మజ్జిగ తర్వాత! మూడున్నరయింది!" లోపల్నించి కేకేసింది దుర్గ.

మజ్జిగ వంకతోనే జోయల్ని వంటింటి గుమ్మందాకా లాక్కెళ్ళాను. గొంతు తగ్గించాను. నిజానికి తగ్గించక్కర్లేదు. అది మాకు ఎడమ పక్క పెట్టి కూచునుంది.

"జోయల్ బాబూ, ఒక్క మాట. అందులో ఏం తప్పున్నా సరే, మిషను తప్పని చెప్పేయ్."

"ఏ మిషనండి?"

"ఏదో ఒకటి. దాని హెడ్‌ఫోన్ చవకరకం, అది పాడైందని చెప్పు. లేకపోతే లాప్‌టాప్ అను. లేకపోతే ఈ బొంతల వల్ల ఎడమ పక్క శబ్దం ఎక్కువ పట్టిందను. నువ్వంటే నమ్ముతుంది."

నవ్వాడు. "బొంతలు శబ్దాన్ని మింగుతాయి పిన్నీ, పెంచవు. ఎందుకంత కంగారు? పిల్ల ఏడుస్తుందనా? ఏడవనివ్వండి. మిక్సు బాలేదంటే మా స్టూడియోలో మీసాలున్నవాళ్ళే ఏడుస్తారు."

"అలాక్కాదు నాయనా..."

"ముందు విననివ్వండి."

నాకు భయాలు కొత్త కాదు. ఈ పాట మొదలెట్టిన దగ్గర్నుంచీ గిటారు తీగలోంచి కరెంటు కొడుతుందని భయపడ్డాను. బొంతలకి కొట్టిన మేకులవల్ల గోడ నెర్రెలు బారుతుందని భయపడ్డాను. శివ గొంతు ఫోన్లో మరీ మెత్తగా ఉందని అదో భయం. మా ఆయన వెంకన్న మైక్‌సెట్టు మనిషి, పెళ్ళిళ్ళకీ జాతర్లకీ బాక్సులు కడతాడు. "మహేశ్వరం, భయపడ్డానికి ఏవీ దొరక్కపోతే దానికీ భయపడతావే నువ్వు" అంటాడు. ఆ రోజు పక్కూరు అడవిపొలంలో ఏదో ఫంక్షనుకి వెళ్ళాడు. లేకపోవడమే మంచిదనుకున్నాను. ఆయనకీ తెలియదు.

జోయల్ చాప మీద బాసింపట్టు వేసుకుని, తన హెడ్‌ఫోన్ లాప్‌టాప్‌కి తగిలించి, కళ్ళు మూసుకున్నాడు. బయటికి ఏమీ వినపడదు. వింటున్న మనిషి మొహం చూడ్డమే. పాట మొదలైన కాసేపటికి అతని తల ఎడమ భుజం మీదికి కొద్దికొద్దిగా ఒరిగింది. సర్దుకున్నాడు. మళ్ళీ ఒరిగింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి కూడా విన్నాడు. దుర్గ గోళ్ళు కొరికేస్తోంది.

"చెప్పన్నయ్యా. చంపకు."

"గొంతు బావుంది. రెండో చరణం దగ్గర నాకు రోమాలు లేచాయి, ఒట్టు. కానీ అమ్మడూ, ఈ ఎడమ పక్క గిటారేంటే? పడవలో జనమంతా ఒకే పక్క కూచున్నట్టుంది. బుర్ర తిరగబడిపోతోంది."

"సరే, ముగ్గురూ అదే అంటున్నారు. ఎంత తగ్గించమంటావ్?"

"సగం."

"సగమా! అప్పుడసలు వినపడదు కదా!"

"కుడి పక్క ఎంతుందో అంతే పెట్టు. ఎందుకు వినపడదు?"

"అబ్బా, అన్నయ్యా." దుర్గ నవ్వింది. ఒకటో తరగతి పిల్లాడికి లెక్క చెబుతున్న పంతులమ్మలా నవ్వింది. "రెండు పక్కలా ఒకే కొలత పెడితే వినేవాడికి ఎడమ పక్క తక్కువ పడదూ? ఎవరికైనా ఎడమ చెవి మందమే కదా. ఎడం చెయ్యిలాగా."

జోయల్ హెడ్‌ఫోన్ మెడలోకి దించి దుర్గ వంక చూశాడు.

"ఈ రెండు నెలల్లో పెద్ద పెద్ద వాళ్ళ పాటలన్నీ విన్నాను. అందరిదీ అదే వరస. ఎడమ పక్క చప్పగా వదిలేస్తారు. ఒక్కరూ పట్టించుకోరేంటా అనుకున్నాను. నా పాటలోనైనా జనం ఎడమ చెవి నిండాలని మూడు రోజులు కూచుని, ఎంత మందమో అంచనా వేసుకుని, అంతకంతా పెంచాను. మీరేమో ఎక్కువైందంటారు."

నేను ద్వారబంధం పట్టుకున్నాను. ఆ మాట నాది. అక్షరం పొల్లుపోకుండా నాది. పదకొండేళ్ళప్పుడు అది మంచం మీద పడుకుని "అమ్మా, ఇటు చెవిలో తక్కువ వినపడుతోందేంటి?" అని అడిగింది. "ఎడం చెయ్యి కుడి చెయ్యంత గట్టిగా ఉంటుందా? చెవీ అంతే. అందరికీ అంతే. పడుకో" అన్నాను. పడుకుంది. నేను చెప్పానని నమ్మింది. నమ్మినట్టు కూడా కాదు, నీళ్ళు పల్లానికి పారతాయని ఎలా తెలుసో అలా తెలుసు దానికి. మరి ఎప్పుడు అనుమానం రావాలి? మా ఆయన బాక్సులన్నీ ఒకే పాటని ఒకే రకంగా అరుస్తాయి. ఫోన్లో పాటలు కుడి చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేది. రెండు చెవులకీ రెండు రకాలుగా శబ్దం పడే వస్తువు మా ఇంట్లోకి వచ్చిందే రెండు నెలల కిందట.

నా అబద్ధాన్ని అది పాటలో పెట్టేసింది. ఊళ్ళు దాటించి ముగ్గురికి పంపించింది.

జోయల్ నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ఇందాక వంటింట్లో నేనడిగింది ఎందుకడిగానో అప్పుడర్థమైందతనికి. అతని మొహం మారిపోయింది.

"దుర్గా," అన్నాడు మెల్లగా, "ఒకసారి నా హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. నీదైతే పాడైందేమో."

అబద్ధం చెప్పడం రాదతనికి. నేనడిగాను కదాని ప్రయత్నం చేశాడు. కానీ అదే కొంప ముంచింది. కొత్త హెడ్‌ఫోన్ కంగారులో తిరగేసి పెట్టుకుంది దుర్గ. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ.

పాట నొక్కింది. పెంచిన ఎడమ పక్కంతా బాగా వినపడే చెవిలో పడింది.

"అమ్మో!"

చెవుల మీంచి లాగి పారేసింది. పాము మీద పడ్డట్టు ఒళ్ళో పడ్డ హెడ్‌ఫోన్ వంక చూసింది. మళ్ళీ తీసి పెట్టుకుంది. సరిగ్గా. విన్నది. తీసి తిప్పింది. విన్నది. మళ్ళీ తిప్పింది. ఆ ప్లాస్టిక్కు కిర్రుమని తిరగడం ఒకటే వినపడుతోంది. ఆరుసార్లో ఏడుసార్లో తిప్పింది. నేను లెక్కపెట్టలేకపోయాను.

"అన్నయ్యా. నువ్వు తిప్పి పెట్టుకో."

పెట్టుకున్నాడు.

"నీ ఎడమ చెవికి తక్కువ వినపడదా?"

"లేదమ్మా."

"కొంచెం కూడానా?"

"రెండూ ఒకటే."

"అందరికీ అంతేనా?"

జోయల్ హెడ్‌ఫోన్ తీగ చుట్టుకుంటున్నాడు. దుర్గ నా వైపు తిరిగింది. తిరగడం ఎలా తిరిగిందంటే, కుడి చెవి ముందుకొచ్చేలా తల కాస్త వంచి. అలా వంచడం నేనే నేర్పాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల వంచి వినాలే, అది మర్యాద అని.

"అమ్మా. అందరికీ అంతే అన్నావు."

"అది... చిన్నపిల్లవి కదా అప్పుడు..."

"ఏమైంది నా చెవికి?"

"ఏమీ కాలేదే. కాస్త..."

"అమ్మా!"

చెప్పాను. ఆరో తరగతిలో ఉండగా కనకాలపేట కాలవలో స్నేహితురాళ్ళతో మునిగొచ్చింది. వారం తిరక్కుండా చెవిలోంచి చీము. బళ్ళో చెవుల డాక్టర్లు శిబిరం పెట్టినప్పుడు చూసి చీటీ రాసిచ్చారు. చెవి లోపల పొర చిల్లు పడింది, చిన్న ఆపరేషను చేస్తే అతుక్కుంటుంది, కాకినాడ తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి అని. ఆ చీటీ పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాను. ఆపరేషను అన్న మాటొక్కటే కళ్ళకి కనపడింది.

"తీసుకెళ్ళలేదు," అంది.

"మా పాపాయమ్మ వదిన కొడుక్కి చెవి ఆపరేషను చేస్తే మూతి వంకర పోయిందని చెప్పారే. ఆడపిల్లవి. మొహం..."

"నువ్వు చూశావా?"

"ఏంటి?"

"ఆ వంకర మూతి. నువ్వు చూశావా?"

"లేదు. చెప్పారు."

"తర్వాతెప్పుడైనా చూశావా అతన్ని?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ రోజు మొదటిసారి మింగేశాను.

"రెండేళ్ళ తర్వాత ద్రాక్షారామంలో పెళ్ళిలో కనపడ్డాడు."

"ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు."

"మూతి?"

"బానే ఉంది. నవ్వుతున్నాడు."

దుర్గ కూడా నవ్వింది. ఆ నవ్వు నా శత్రువు కూడా తన బిడ్డ మొహంలో చూడకూడదు.

"అప్పుడైనా తీసుకెళ్ళచ్చు కదా?"

"వెల్లుల్లి నూనె కాచి పోశాను. నెలకి చీము ఆగింది. ఆగింది కదా, లోపలే మానిపోయి ఉంటుందనుకున్నాను. మానిందో లేదో చూపిద్దామంటే, మానలేదంటారేమోనని..."

అక్కడితో ఆపలేకపోయాను. పదేళ్ళు మోసింది ఒక్కసారి జారితే అన్నీ పడతాయి. టీచరుగారి దగ్గరికెళ్ళి, పిల్లకి గాలి తగలాలండీ, ఎడమ వైపు కిటికీ దగ్గర బెంచీలో కూచోబెట్టండి అని బతిమాలానని చెప్పాను. అప్పుడు టీచరుగారు ఎప్పుడూ దానికి కుడి పక్కనే ఉంటారని. బండెక్కితే, అన్నానికి కూచుంటే, పడుకుంటే, నేనెప్పుడూ దాని కుడి పక్కకే చేరతానని చెప్పాను. మంచం గోడకి ఏ వైపు వెయ్యాలో అదీ నేనే చూసుకున్నానని చెప్పాను.

"పెళ్ళిచూపుల్లో ఎక్కడ కూచోబెట్టాలో కూడా అనుకున్నావా?"

అనుకున్నాను మరి.

"నాన్నకి?"

"తెలీదు."

జోయల్ లేచాడు. "నేను బయటుంటాను పిన్నీ."

"కూచో అన్నయ్యా." దుర్గ వెనక్కి తిరిగి చూడకుండానే అంది. "టైమెంత?"

"నాలుగూ నలభై."

ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. గిటారు తీసి గోడకేసి కొడుతుందని కూడా అనుకుని, ముందే గిటారుకీ దానికీ మధ్యన నిలబడ్డాను. అది మటుకు లాప్‌టాప్ ముందుకి జరిగి కూచుంది. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుంది.

"రెండు నెలలు," అంది ఎవరితోనూ కాకుండా. "రెండు నెలలు అందరికీ చెవులు లేవనుకున్నాను."

"దుర్గా, పది నిమిషాలు నాకివ్వు," అన్నాడు జోయల్. "నేను సర్దేస్తాను. పంపేద్దాం. మిగతాది రేపు చూసుకుందాం. ఒక్క చెవితో ఈ పని చేసేవాళ్ళున్నారు, తెలుసా? ముందు తన చెవి సంగతి తనకి తెలియాలి, అంతే."

"నువ్వు సర్దితే నీ పాట అవుద్ది. మిక్సింగ్ ఇంట్లోవాళ్ళే చెయ్యాలని రూలు." నా వైపు తిరిగింది. "నువ్వు ఇంట్లోదానివే కదా. ఇలా వచ్చి కూచో."

"నేనా? నాకేం తెలుసే! ఏడో తరగతి..."

"చదువు అక్కర్లేదు. రెండు చెవులున్నాయి కదా."

కూచున్నాను. హెడ్‌ఫోన్ తెచ్చి తనే నా తలకి పెట్టింది. జుట్టు సర్దింది. ఆ చెయ్యి తగలగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

"ఏడిస్తే ముక్కు చప్పుడు తప్ప ఏమీ వినపడదు. తుడుచుకో. నేను ఎడమ పక్క తగ్గించుకుంటూ వెళ్తాను. రెండూ ఒక్కలా ఉన్నప్పుడు చెప్పు. నాకు తెలియదు కాబట్టి నువ్వేది చెబితే అదే నిజం. అర్థమైందా? మళ్ళీ నువ్వేది చెబితే అదే."

పాట మొదలైంది.

రెండు నెలలుగా ఆ పాట నాకు ఇంట్లో గోలే. తలుపు సందులోంచి, బొంతల వెనకనించి, ముక్కలు ముక్కలుగా. ఇలా మొత్తంగా ఎప్పుడూ వినలేదు. డ్రమ్ములు గుండెల్లో పడ్డాయి. ఆ తర్వాత ఎడమ పక్కనించి గిటారు వచ్చి మీద పడింది. రంపం పెట్టి కోస్తున్నట్టుంది. దాని కింద ఎక్కడో నా కూతురు గొంతు చించుకుంటోంది.

*పోటొచ్చిందే గోదారీ, ఉప్పొచ్చిందే నోటికీ...*

"చెప్పు!"

"ఎక్కువుంది. ఎడమ పక్క. తగ్గించు."

"ఇప్పుడు?"

"ఇంకా."

"ఇప్పుడు?"

"ఇంకా తగ్గించవే."

తెర మీద వేలితో ఒక గీతని కిందికి లాగుతోంది. అది కిందికి దిగినకొద్దీ దాని మొహం పాలిపోతోంది. నాకు సరవుతున్నకొద్దీ దానికి ఎడమ పక్కంతా ఖాళీ అవుతోందని అప్పటిగ్గానీ నాకు తట్టలేదు. చాల్లే, ఒక్కలాగే ఉంది అనేద్దామనిపించింది. దానికి కాస్తయినా మిగులుతుంది కదా అనిపించింది. నోరు తెరిచాను కూడా.

"ఇంకొంచెం," అన్నాను.

లాగింది.

"ఆగు. ఇప్పుడు ఒక్క రవ్వ ఎక్కువ తగ్గింది. పైకి. అంతే. అంతే! అక్కడ!"

అప్పుడొక విచిత్రం జరిగింది. అంతదాకా ఎటో ఉన్న దాని గొంతు జరిగి జరిగి, నా రెండు కళ్ళ మధ్యకొచ్చి నిలబడింది.

"నీ గొంతు మధ్యకొచ్చిందే! ఇదిగో, ఇక్కడ. నుదుట్లో. బొట్టు దగ్గర."

"అక్కడే ఉండాలి పిన్నీ!" జోయల్ చాప మీద గుద్దాడు. "సరిగ్గా అక్కడే! భలే పట్టారు!"

దుర్గ నా నుదుటి వంక చూస్తోంది.

"మధ్యలో ఉంటుందా?" అంది. "గొంతు?"

"అవునమ్మా," అన్నాడు జోయల్.

"నాకెప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. ఎవరు పాడినా."

నేను హెడ్‌ఫోన్ తీసేద్దామని చేతులెత్తాను. నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఉంచు. అయిపోలేదు. ఇంకేమైనా ఉందా చెప్పు. మొహమాటం వద్దు."

ఇంక చెప్పాలనిపించలేదు. కానీ నువ్వేది చెబితే అదే నిజం అంది కదా. ఒక్కటి కూడా దాచకూడదనుకున్నాను. పదేళ్ళలో మొదటిసారి నిజం చెబుతున్న ఊపు కూడా ఒకటుంది, అది ఎక్కడ ఆగాలో నాకు తెలియదు.

"ఆ కంచు పళ్ళేలున్నాయే, డ్రమ్ముల్తో కొడతారే..."

"సింబల్స్."

"అవి సూదుల్లా గుచ్చుతున్నాయే. పళ్ళు జివ్వుమంటున్నాయి."

"ఎడమ పక్కే కదా? సరే, అది కూడా..."

"కాదే. రెండు పక్కలా."

దుర్గ చెయ్యి తెర మీద ఆగింది.

"కుడి పక్క కూడానా?"

"కుడి పక్కే ఇంకాస్త."

"అది నేనూ చెబుదామనే అనుకున్నాను," అన్నాడు జోయల్. "రాక్ కదా, కావాలని అలా పదును పెట్టావేమోనని ఊరుకున్నాను."

"పదునేంటి అన్నయ్యా? శివ పంపినప్పుడు అవి అసలు వినపడలేదు. కొట్టాడో లేదో అని ఫోన్ చేసి అడిగాను కూడా. కొట్టానే బాబూ అన్నాడు. అందుకని పెంచాను. ఇప్పుడు కూడా అంతంతమాత్రమే..."

మాట మధ్యలో ఆగిపోయింది. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూసుకోలేదు. అయిదూ అయిదయింది.

జోయల్ జేబులోంచి ఫోన్ తీశాడు. స్టూడియోలో మైకులు పరీక్ష చేసుకోవడానికి వాడేదంట, ఒక్కో శబ్దం వేస్తుంది, లావుదాని నుంచి సన్నదానిదాకా. "ఏమీ లేదు, సరదాగా చూద్దాం," అన్నాడు. ఆ గొంతులో సరదా లేదు. "దుర్గా, ఎడమ చెవి వేలితో మూసుకో. కళ్ళు కూడా మూసుకో. ఫోన్ నీ కుడి పక్కన పెడతాను. వినపడగానే చెయ్యెత్తు. పిన్నీ, మీరూ హెడ్‌ఫోన్ తీసేసి ఎత్తండి."

దుర్గ కళ్ళు మూసుకుంది.

మొదటిది మోటారు పడవ దూరంగా పోతున్నట్టు బుర్రుమంది. మూడు చేతులూ లేచాయి. రెండోది సన్నాయి పక్కన శ్రుతి పట్టినట్టుంది. మూడు చేతులూ లేచాయి. మూడోది కుక్కరు కూత పెట్టేముందు సణిగినట్టుంది. దుర్గ కాస్త ఆగి, చెవి ముందుకి వంచి, ఎత్తింది. నేను ఊపిరి వదిలాను. మా ఇలవేల్పుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. చూశారా, కుడిది బానే ఉంది, నేనే ఊరికే...

జోయల్ నాలుగోది నొక్కాడు.

సన్నటి కూత. సూదిమొన తీసుకుని గాజు మీద గీసినట్టు, గది ఈ మూల నుంచి ఆ మూలకి. నలభై ఆరేళ్ళ నా చెవులకే ఒళ్ళు గగుర్పొడిచింది. నా చెయ్యి లేచింది. జోయల్ చెయ్యి లేచింది.

దుర్గ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కళ్ళు గట్టిగా మూసుకునుంది. జోయల్ ఫోన్‌ని ఇంకా దగ్గరికి, దాని కుడి చెవికి జానెడు దూరందాకా తీసుకెళ్ళాడు. కూత ఆగలేదు.

"ఊఁ," అంది దుర్గ, కళ్ళు తెరవకుండా. "వెయ్యన్నయ్యా. టైమైపోతోంది. తర్వాతది ఇంకా మొదలెట్టవేం?"